బోల్టులో నూనె

పావియా పోయినప్పుడు నేను వంటింట్లో కాఫీ పోస్తున్నాను. రెండు కప్పులు. పెద్దది అతనిది. ఏప్రిల్ పద్దెనిమిదో తారీకు, మధ్యాహ్నం మూడు దాటింది. బయట ఎండ కాస్తోంది. చలి సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద ఉంది.

మా ఇళ్ళల్లో వంటింటికీ బయటి మెట్లకీ మధ్య ఒక చలిగది ఉంటుంది. బూట్లు, కుక్కల పట్టీలు, ఎండుచేపలు, తుపాకి, అన్నీ అక్కడే. తుపాకిని వెచ్చని ఇంట్లోకి తేకూడదు. తెస్తే చెమ్మ పట్టి, తిరిగి మంచు మీదికి తీసుకెళ్ళగానే ఆ చెమ్మ లోపల గడ్డకడుతుంది. ఇది మా ఊళ్ళో నడక నేర్చిన పిల్లకి కూడా తెలుసు.

పావియా నా భార్య బిబియానెకి తమ్ముడు. ఇరవై ఏడేళ్ళు. పొద్దున్నే కుక్కలబండి కట్టుకుని సీళ్ళ వేటకి వెళ్ళి అప్పుడే తిరిగొచ్చాడు. చలిగదిలో బల్ల మీద కూర్చుని, తెరిచిన తలుపులోంచి నాతో మాట్లాడుతున్నాడు.

"బావా, నాన్న తుపాకికి ముసలితనం వచ్చేసింది. యాభై గజాల్లో సీలు. ఎండకి పడుకుని గురక పెడుతోంది. ట్రిగ్గర్ నొక్కితే పలకదు. ఇంకోసారి నొక్కితే అసలు ట్రిగ్గరే కదల్లేదు. ఈలోగా సీలు లేచి, నన్నో చూపు చూసి, మంచులో కన్నంలోకి జారిపోయింది. నవ్విందనుకుంటా."

"నిన్ను చూసి నవ్వనిదెవరు?"

"గొర్రెలు కాసుకునేవాళ్ళు కూడా మాట్లాడేవాళ్ళే. కాఫీ తే ముందు. లోపల తూటా ఉండిపోయింది, తీద్దామంటే బోల్టు బిగుసుకుపోయింది. కాస్త ఊపిరి తగిలితే వదులుతుందేమో."

లోపల తూటా ఉందన్న మాట నేను స్పష్టంగా విన్నాను. విన్నాక నాకు తోచింది ఒక్కటే. నూనె చాలలేదేమో, ఇంకాస్త వెయ్యాల్సింది.

అతను తుపాకిని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. గొట్టం పైకప్పు వైపు, తూటాని ఎక్కించి మూసే ఇనప కడ్డీ, అదే బోల్టు, మోకాళ్ళ దగ్గర ఉంది. చలికి బిగుసుకున్న తాళాన్నయినా, కుక్కల పట్టీ ముడినయినా మేం ఊదే వదులు చేస్తాం. చిన్నప్పటినుంచి చేతులకి అలవాటైన పని. గొట్టం మూతి గడ్డం కిందికి వచ్చేలా అతను బోల్టు మీదికి వంగి ఊదాడు.

చప్పుడు వినగానే నేను కాఫీ పాత్రని జాగ్రత్తగా పొయ్యి మీద పెట్టాను. చుక్క కూడా ఒలకలేదు. ఆ తర్వాతే తలుపు దగ్గరికి వెళ్ళాను.

*

ఆ బోల్టులో నూనె వేసింది నేను.

దానికి పది రోజుల ముందు బిబియానె తండ్రి, మా మామయ్య యూలుత్ పళ్ళు పీకించుకోవడానికి ఉపెర్నావిక్ పట్నం వెళ్ళాడు. తుపాకి ఆయనది. బిబియానె పుట్టకముందు కొన్నది. నేను చలిగదిలో బూట్లు వెతుక్కుంటుంటే, బోల్టు పిడి దగ్గర ఎర్రగా చిన్న తుప్పు మచ్చ కనబడింది.

నేను దక్షిణాన నర్సాక్ దగ్గర గొర్రెల కొట్టాల్లో పెరిగాను. అక్కడ వాన, ఉప్పు గాలి, బురద. తుపాకి పట్టుకుంటే చేతికి జిడ్డు తగలాలి. తగలకపోతే మా నాన్న వీపు చిట్లగొట్టేవాడు. ఈ ఉత్తరాదికి బడి చెప్పడానికి వచ్చి, ఈ ఇంటికి అల్లుణ్ణయి అప్పటికి పదకొండేళ్ళు. కుక్కలబండి తిన్నగా నడపలేను. సీలు తోలు ఒలిస్తే చిల్లులు పడతాయి. ఊళ్ళో నా పేరు గొర్రెల మాస్టారు. పిలిచేవాళ్ళు ప్రేమగానే పిలిచేవాళ్ళు, కానీ ఈ ఇంటికి నేను చేసిన పని ఇదీ అని చూపించడానికి నాకంటూ ఒక్కటీ లేదు.

బిబియానె కుట్టుమిషను పక్కనున్న నూనె సీసా తెచ్చాను. బోల్టు బయటికి తీసి తుప్పు గీకి, వెనకనుంచి నూనె పోశాను. ట్రిగ్గర్ సందులో కూడా పోశాను. తోసి లాగి చూశాను. పట్టులా జారింది. ఇంకాస్త పోశాను.

యూలుత్ ప్రతి ఏడూ చలి మొదలయ్యే ముందు బోల్టు విప్పి, కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, పొడిగానే బిగించడం నేను చూస్తూనే ఉన్నాను. నూనె తర్వాతెప్పుడో వేస్తాడనుకున్నాను. పదకొండేళ్ళలో ఒక్కసారి అడిగి ఉండవచ్చు. తెలియనిది అడగమని పిల్లలకి రోజూ చెప్పేవాణ్ణి.

ఆయన బుగ్గ వాచి వచ్చాడు. నేను చేసిన పని చెప్పలేదు. తనే చూసి మెచ్చుకుంటాడని ఊరుకున్నాను. ఆ తర్వాత వారం రోజులు గాలిదుమారం, ఎవరూ మంచు మీదికి వెళ్ళలేదు. గాలి తగ్గిన రోజున ఆయన వాపు ఇంకా తగ్గక, తుపాకి కొడుక్కిచ్చి పంపాడు.

*

పోలీసు హెలికాప్టర్‌లో వచ్చాడు. నెమ్మదస్తుడు. ఈ మధ్య తుపాకిని ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాడు. "చలిగదిలో మేకుకి వేలాడుతుండేది" అన్నాను. అది నిజమే. ప్రమాదం అని రాసుకుని, తుపాకి పట్టుకుని వెళ్ళిపోయాడు.

మా ఊరు బండరాతి మీద ఉంది. గడ్డకట్టిన నేల జూన్ నడిమికిగాని గొయ్యి తవ్వనివ్వదు. పావియా ఉన్న పెట్టెని చర్చి వెనక చెక్కగదిలో ఉంచాం. వచ్చి పలకరించిన వాళ్ళందరూ ఒకే మాట అన్నారు. తూటా ఉన్న తుపాకి మీద మొహం పెట్టాడు, పాపం, తొందరమనిషి.

మే మొదటి వారంలో తుపాకి తిరిగొచ్చింది. యూలుత్ దాన్ని రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు చలిగదిలో పాత పత్రిక పరిచి, నన్ను పిలిచాడు.

"అల్లుడూ, ఆ కిరసనాయిలు డబ్బా పట్టుకో."

ముందు గొట్టం గోడ వైపు తిప్పి, బోల్టు తెరిచి, లోపల ఖాళీయేనా అని కంటితో చూశాడు. తర్వాత చిటికెనవేలు పెట్టి చూశాడు. పోలీసుల దగ్గర్నుంచి వచ్చిన తుపాకి అయినా సరే, ఆయనకి అది కొత్తగా చూడవలసిందే. బోల్టు విప్పాడు. తూటాని పొడిచే లోపలి సూది, దాని స్ప్రింగు పత్రిక మీదికి వచ్చాయి. స్ప్రింగు చుట్టల మధ్య నూనె పసుపుపచ్చగా, చిక్కగా పేరుకుని ఉంది. ఆయన వేలితో తీసి వాసన చూశాడు.

"కుట్టుమిషను నూనె" అన్నాడు.

నేను డబ్బా పట్టుకుని నిలబడ్డాను.

"అక్క దగ్గర్నుంచి తీసుకుని ఉంటాడు. ఏడేళ్ళప్పట్నుంచీ చెబుతున్నా వాడికి. చలికాలంలో బోల్టు ఎండిన ఎముకలా ఉండాలిరా, నూనె గడ్డకడితే సూది సగంలో ఆగిపోతుంది, ఆగినది మళ్ళీ ఎప్పుడు కదులుతుందో దానికే తెలీదు అని. ఎన్నిసార్లు చెప్పుంటాను?"

ఆయన ఆ నూనెని పత్రిక అంచుకి రాశాడు.

"మూతి ముందు మొహం పెట్టాడంటే తొందర అనుకున్నా. తొందర ఎవడికైనా ఉంటుంది, నాకూ ఉండేది. కానీ నూనె తొందరలో వెయ్యరు కదా. తీరిగ్గా కూర్చుని వేస్తారు. అంటే వాడు నా మాట ఒక్కటీ చెవిన పెట్టలేదు. లేదా నాకు చెప్పడమే చేతకాలేదు."

"మామయ్యా" అన్నాను.

"ఊఁ."

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఆయన చేతిలో స్ప్రింగు ఉంది.

"కిరసనాయిలు ఇంకొంచెం పొయ్యనా?" అన్నాను.

"పొయ్యి."

*

మర్నాడు పొద్దున బిబియానె మిషను ముందు కూర్చుని, మట్టి చేసే రోజుకి తండ్రి వేసుకోవలసిన తెల్ల పైచొక్కా అంచు కుడుతోంది. నేను బడికి బయల్దేరుతున్నాను.

"నాన్న అడిగాడు నన్ను, తమ్ముడికి నూనె ఎప్పుడిచ్చావని."

"ఏం చెప్పావు?"

"ఇవ్వలేదన్నాను. ఇవ్వలేదుగా. నువ్వు అడిగి తీసుకోలేదు."

నేను తలుపు దగ్గర ఆగిపోయాను. ఆమె మిషను ఆపలేదు. అంచు చివరిదాకా కుట్టి, దారం కొరికి, అప్పుడు ఆపింది.

"వాడు ఈ మిషను దాపుకి రాడు. ఐదేళ్ళప్పుడు వేలు కుట్టేసుకున్నాడు. అంత మగాడూ సూది చూస్తే పక్కగదిలోకి పోయేవాడు. ఆ నూనె సీసా మూత నువ్వు అడ్డంగా బిగించావు. ఆ రోజే చూశాను. చెప్పకుండా నా మిషనుకి నూనె వేశాడే అని మురిసిపోయాను కూడా."

"బిబియానె, నేను..."

"నాకు చెప్పకు. నాకు తెలుసు. ఆయనకి చెప్పు. వాణ్ణి మట్టి చేసేలోపు చెప్పు."

"నాకు నోరు రావడం లేదు. నువ్వే చెబితే..."

"నేను చెబితే మొగుడి మీద చాడీ చెప్పినట్టు. నువ్వు చెబితే మా నాన్నకి కొడుకు దక్కుతాడు." చొక్కా దులిపి మడత పెట్టింది. "బడికి వేళవుతోంది, వెళ్ళు."

*

ప్రతి మే నెలలో పన్నెండేళ్ళు దాటిన పిల్లలకి మంచు మీద తుపాకి పట్టడం నేర్పేది యూలుత్. నేను జట్టుని తీసుకెళ్ళి వెనక నిలబడేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా ఆయన చెప్పేది ఒకటే, పిల్లలు నవ్వేది ఒకచోటే.

"ఇది మీ అత్తగారు. నిద్రపోతోందన్నా నమ్మొద్దు, మెలకువగా ఉందనే లెక్క. ఖాళీ అని ఎవడు చెప్పినా నీ కళ్ళతో చూసుకో. దీని మూతి ముందు నీ మూతి పెట్టకు, ఇంకొకడి మూతీ పెట్టనివ్వకు. వేలు ఎప్పుడూ ట్రిగ్గర్ బయటే. సీలు కనబడితే చాలదు, సీలు వెనకాల ఏముందో కనబడ్డాకే వేలు లోపలికి. నొక్కినా పలకలేదా, అలిగిందని అర్థం. అలిగిన అత్తగారిని వెంటనే కదిలిస్తారా ఎవరైనా? మూతి మంచు వైపు పెట్టి, కదలకుండా అరవై లెక్కపెట్టు. అప్పుడు బోల్టు తెరువు. తెరుచుకోలేదా, మూతి అటే ఉంచి పెద్దవాణ్ణి పిలువు."

అప్పటికి నూనె సంగతి ఊరంతా పాకింది. ఆ ఏడు అడగడానికి వెళితే, ఆయన వల బాగుచేసుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"బోల్టులో నూనె పోసుకుని చచ్చినవాడి తండ్రి ఏం నేర్పుతాడు? నన్ను చూస్తే పిల్లలకి అదే గుర్తొస్తుంది. నీకు పుస్తకం ఉందిగా, అది చూసి చెప్పు."

"పుస్తకంలో ఇదంతా ఉండదు మామయ్యా."

"నేను చెప్పిందీ ఉపయోగపడలేదుగా."

ఆరుగురు పిల్లలతో నేనే వెళ్ళాను. ఆయన మాటలే చెప్పాను. అత్తగారి దగ్గర ఎవరూ నవ్వలేదు. బోల్టుకి చలికాలం నూనె వెయ్యకూడదు అని చెప్పినప్పుడు నివిక్క అనే అమ్మాయి చెయ్యెత్తింది. పద్నాలుగేళ్ళది, నా తరగతిలో అందరికన్నా చురుకైనది.

"మరి పావియా ఎందుకు వేశాడు మాస్టారూ? ఆయనకి తెలుసు కదా. పోయినేడు మా అన్నకి ఆయనే చెప్పాడు వెయ్యొద్దని."

"పావియా వెయ్యలేదు" అన్నాను.

నా నోటినుంచే వచ్చింది. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"మరెవరు వేశారు?"

ఆ అమ్మాయి చేతిలో బడి తుపాకి ఉంది. గొట్టం మంచు వైపే ఉంది, తప్పేమీ లేదు.

"గొట్టం చూసుకో నివిక్కా" అన్నాను. "మాట్లాడేటప్పుడే జాగ్రత్త తప్పేది."

ఆ అమ్మాయి గొట్టం చూసుకుని, ఇంకాస్త కిందికి దించింది.

*

డెబ్బై మంది ఉన్న ఊళ్ళో మాట ఇల్లు చేరడానికి పూట చాలు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, ఇక నేను చెప్పనక్కర్లేదు, ఆయనే అడుగుతాడు, అడిగితే అవునంటాను అనుకున్నాను. అడుగు తేలికగా పడింది.

యూలుత్ మెట్ల మీద కూర్చుని కుక్కలకి చేప నరుకుతున్నాడు. నన్ను చూసి గొడ్డలి పక్కన పెట్టాడు.

"నివిక్క వాళ్ళమ్మ వచ్చి వెళ్ళింది. వాడు వెయ్యలేదన్నావట."

"అన్నాను."

"ఎవరు వేశారంటే మాట మార్చావట."

ఆయన లేచి నిలబడి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చేప వాసన వేస్తోంది. పదకొండేళ్ళలో ఆయన నన్ను అలా పట్టుకోవడం అదే మొదలు.

"నీ మనసు నాకు తెలుసు అల్లుడూ. వాణ్ణి వెనకేసుకొచ్చావు. ఊళ్ళో అందరూ మెచ్చుకుంటున్నారు, బావమరిది మీద ఎంత ప్రేమో చూడండని. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ తుపాకి దగ్గర పిల్లలకి అబద్ధం చెప్పొద్దు. అక్కడ అబద్ధం నేర్చుకుంటే ప్రాణం పోతుంది. పావియా అంతటివాడు వేసినా చచ్చాడు అని తెలిస్తేనే వాళ్ళకి భయం ఉంటుంది. రేపు బళ్ళో చెప్పు. వాడే వేశాడని చెప్పు."

"మామయ్యా, అది కాదు..."

"నాకోసం చెప్పు. వాడి చావు ఆ మాత్రం పనికి రానీ."

నా భుజం తట్టి, మళ్ళీ గొడ్డలి అందుకున్నాడు. కిటికీలోంచి బిబియానె మమ్మల్ని చూస్తోంది. మాటలు ఆమెకి వినబడవు. భుజం మీద చెయ్యి చూసి, నేను చెప్పేశాననుకుంది. నేను లోపలికి వెళ్ళేసరికి కళ్ళు తుడుచుకుంటూ నాకు కుర్చీ జరిపింది. సీలు మాంసం పులుసులో మంచి ముక్కలు ఏరి నా పళ్ళెంలో వేసింది. నేను తిన్నాను.

మర్నాడు బళ్ళో చెప్పాను. నిన్న పొరపాటుగా అన్నాను, పావియానే వేశాడు, అందుకే మీరు వెయ్యకండి. నివిక్క నా మొహం వంక కాసేపు చూసి, తల వంచి పుస్తకంలో రాసుకుంది.

బిబియానెకి ఆ సంగతి కొట్లో పిండి కొంటుంటే తెలిసిందట. పిండి సంచీ బల్ల మీద పెట్టింది. నా వైపు చూడకుండా పిండి కలపడానికి కూర్చుంది. తిట్టినా బావుండేది.

*

జూన్ ఇరవైన పావియాని మట్టి చేశాం. అంతకు వారం ముందే సముద్రం మీద మంచు పగిలి నీళ్ళు కనబడుతున్నాయి. రాళ్ళ సందుల్లో దొరికినంత లోతు తవ్వి, పెట్టె దించి, పైన రాళ్ళు పేర్చాం. తెల్ల చెక్క సిలువ యూలుత్ తనే చేశాడు. పాటలయ్యాక ఆయన గొయ్యి పక్కన నిలబడి, ఊరి కుర్రాళ్ళ వైపు తిరిగి, చిన్న గొంతుతో మాట్లాడాడు.

"నా కొడుకు మంచివాడు. మాట వినలేదు. మీరు వినండి."

బిబియానె నా పక్కనే ఉంది. ఆమె నా వైపు తిరిగి చూసింది. గాలి వీస్తోంది, అందరూ ఊరుకుని ఉన్నారు. ఒక మాట చెప్పడానికి ఎంత చోటు కావాలో అంత చోటు ఉంది. నేను కొండ కింద నీళ్ళమీద తేలుతున్న మంచు పలకల్ని చూశాను. కొంతసేపటికి ఆమె చూపు తిప్పుకుని, తండ్రి చెయ్యి పట్టుకుని దిగిపోయింది.

ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. నాకు బట్టలు కుడుతుంది, కాఫీ పోస్తుంది. తమ్ముడి పేరు మాత్రం నా ముందు పలకదు.

ఇది జరిగి పదహారేళ్ళయింది. ఆ శీతాకాలం రాకముందే యూలుత్ కుక్కల్ని అమ్మేశాడు. తుపాకి ఊళ్ళో ఒకరికి ఇచ్చేశాడు. తర్వాత ఎవరికీ ఏదీ నేర్పలేదు. ఇప్పుడాయనకి ఎనభై మూడు. మా వెనకగదిలో ఉంటాడు. ఒక చెవి వినబడదు, రెండోది బాగానే వినబడుతుంది. ప్రతి మే నెలలో పిల్లల్ని మంచు మీదికి నేనే తీసుకెళుతున్నాను. చెప్పిన మాట వినకుండా ఎవరైనా పని పాడుచేస్తే, దాన్ని "పావియా నూనె" అనడం మా ఊళ్ళో అలవాటైపోయింది. అతన్ని ఎన్నడూ చూడని పిల్లలు కూడా అంటారు. మొన్న నివిక్క తన కూతుర్ని కసురుతూ అంటుంటే విన్నాను.

నేను ఎవరినీ సరిదిద్దలేదు. యూలుత్‌కి ఇంకా చెప్పలేదు.